ఏ గుమ్మం గుండా ఎవరు వచ్చారు: కోఠి రెసిడెన్సీ భవనాన్ని చూసే తీరు

ఈ ప్రసంగం హైదరాబాదు కోఠిలో రెండు శతాబ్దాలకు పైగా నిలిచి ఉన్న బ్రిటిష్ రెసిడెన్సీ భవనాన్ని గురించి, ఒకప్పుడు దాని చుట్టూ విస్తరించి ఉండిన తోటలను గురించి. కవిటి, సోంపేట, పలాస, టెక్కలి ప్రాంతాల నుంచి బతుకుతెరువు కోసమో, చదువు కోసమో, అక్కడ స్థిరపడిన తమవారిని చూడడం కోసమో హైదరాబాదు వెళ్ళివచ్చేవారు తక్కువేమీ కాదు. వారిలో చాలామంది కోఠిలో బస్సు దిగి, పుస్తకాల దుకాణాలు తిరిగి, సుల్తాన్ బజారులో బట్టలు బేరమాడి, ఆ భవనం ప్రహరీ పక్కనుంచే నడిచి వెళ్ళి ఉంటారు. లోపల ఉన్నది ఆడపిల్లల కళాశాల అని మాత్రమే తెలిసినవారు ఎక్కువ. అది ఇంగ్లాండు పల్లెల్లోని సంపన్నుల భవనాల నమూనాలో, నిజాం సొమ్ముతో, హైదరాబాదు నేల మీద లేచిన ఇల్లు అన్న సంగతి తెలిసినవారు తక్కువ.

ఇటువంటి ఇళ్ళను చరిత్రకారులు జార్జియన్ శైలి భవనాలు అంటారు. ఇంగ్లాండును 1714 నుంచి 1830 వరకు జార్జ్ అన్న పేరుగల నలుగురు రాజులు ఒకరి తరువాత ఒకరు పాలించారు. ఆ కాలంలో అక్కడి భూస్వాములూ, వ్యాపారంలోనో, తూర్పు దేశాల కొలువులోనో కొత్తగా డబ్బు గడించినవారూ పల్లెల్లో కట్టుకున్న విశాలమైన ఇళ్ళకు ఆ రాజుల పేరే స్థిరపడింది. ఆ శైలికి మూలం మాత్రం ఇటలీలో ఉంది. 16వ శతాబ్దంలో విచెంజా నగరంలో పనిచేసిన ఆంద్రియా పల్లాడియో అనే వాస్తుశిల్పి, ప్రాచీన రోమన్ శిథిలాలను స్వయంగా కొలిచి, ఆ కొలతలను ఇళ్ళకు ఎలా అన్వయించాలో వివరిస్తూ 1570లో ఒక గ్రంథం ప్రచురించాడు. ఇంటికి ఎడమవైపు ఎన్ని కిటికీలుంటే కుడివైపూ అన్నే ఉండాలి. నడుమ ఎత్తైన స్తంభాల ముఖమంటపం ఉండాలి, దానినే పోర్టికో అంటారు. ఆ మంటపం నెత్తిన త్రికోణాకారపు నుదురు ఉండాలి, దానిని పెడిమెంట్ అంటారు. ఈ మూడు లక్షణాలు గుర్తుంచుకుంటే చాలు, ఆ శైలి ఇల్లు ఏ దేశంలో కనిపించినా పోల్చుకోవచ్చు. అమెరికా అధ్యక్షుడి శ్వేతభవనమూ ఈ కుటుంబానికి చెందినదే, పైగా అది కోఠి భవనానికి కొద్ది ఏళ్ళు మాత్రమే పెద్దది.

అయితే శైలి పేరు తెలిసినంత మాత్రాన ఇల్లు అర్థం కాదు. స్తంభాలను లెక్కపెట్టి, మెట్ల మీద ఫొటో దిగి వచ్చేసినవారికి ఆ ఇల్లు ఎందుకు కట్టారో, ఎవరి కోసం కట్టారో తెలియకుండానే ఉండిపోతుంది. అందుచేత ఈ ప్రసంగం శ్రోతల ముందు ఒకే ఒక ప్రశ్నను ఉంచుతున్నది. ఏ పాత భవనం ముందు నిలబడినా అడగవలసిన ప్రశ్న అది: ఏ గుమ్మం గుండా ఎవరు వచ్చారు?

కవిటి, సోంపేట పల్లెలున్న ఉద్దానం ప్రాంతంలోని ఏ పాత పెంకుటిల్లును తీసుకున్నా ఈ ప్రశ్న విలువ తెలుస్తుంది. వీధి గుమ్మం గుండా పెళ్ళిసంబంధం మాట్లాడేవారు వస్తారు, ఊరి పెద్దలు వస్తారు, అప్పిచ్చిన షావుకారు వస్తాడు. వారు అరుగు మీద కూర్చుంటారో, నడవలోకి వస్తారో, లోపలికే వస్తారో అన్నదాన్ని బట్టి వారికీ ఇంటికీ ఉన్న సంబంధం ఎంతటిదో తెలిసిపోతుంది. పెరటి గుమ్మం గుండా కొబ్బరికాయలు దింపే కూలీ వస్తాడు, జీడిపిక్కల బస్తా వస్తుంది, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వస్తారు. ఆ ఇంటి బతుకంతా ఆ రెండు గుమ్మాల మధ్య నడుస్తుంది. కోఠి భవనం పరిమాణంలో ఎంత పెద్దదైనా, దానినీ ఇదే కంటితో చూడవచ్చు. చూడాలి కూడా.

ఇల్లు కట్టినవారి సంగతి ముందుగా తెలుసుకోవాలి. రెసిడెంటు అంటే ఒక స్వదేశీ ప్రభువు దర్బారులో ఈస్టిండియా కంపెనీ నియమించిన ప్రతినిధి. పేరుకు రాయబారి, కాలక్రమంలో ఆ ప్రభువు చేత ఏ పని చేయించాలో నిర్ణయించే అధికారి. హైదరాబాదుకు మొదటి రెసిడెంటుగా జాన్ హాలండ్ 1779లో వచ్చాడు. ఆ తరువాత 1798 నుంచి 1805 వరకు ఆ పదవిలో ఉన్న జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ మద్రాసులో పుట్టినవాడు, పారశీకం తెలిసినవాడు, మొగలాయి వేషభాషలను ఇష్టంగా అలవరచుకున్నవాడు. నిజాం ఆయనకు హష్మత్ జంగ్ అనే బిరుదు ఇచ్చాడు. 1798లో ఆయన చేతుల మీదుగా కుదిరిన సైన్య సహకార సంధి ప్రకారం నిజాం కొలువులోని ఫ్రెంచి అధికారుల దళం రద్దయి, దాని స్థానంలో కంపెనీ సైన్యం నిజాం ఖర్చుతో నిలిచింది. 1800లో మరో సంధి జరిగి, ఆ సైన్యం ఖర్చు కింద నేటి రాయలసీమ ప్రాంతం కంపెనీ పరమైంది.

ఇక్కడ ఉద్దానం శ్రోతలు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. అప్పటి నిజాం పేరు నిజాం అలీ ఖాన్. శ్రీకాకుళం పేరు మీదనే చికాకోల్ సర్కారు అని పిలిచిన ఈ తీరమంతా ఉత్తర సర్కారులలో భాగం. సర్కారు అంటే ఆనాటి పాలనా విభాగం. ఢిల్లీ చక్రవర్తి 1765లో ఇచ్చిన ఫర్మానాను చూపించి కంపెనీ ఈ సర్కారులను కోరగా, ఏటా కొంత సొమ్ము పుచ్చుకొనే షరతు మీద వాటిని 1766 నవంబరు 12 నాటి సంధిలో కంపెనీకి వదిలిపెట్టినవాడు ఇదే నిజాం అలీ ఖాన్. కవిటి తోటలూ, టెక్కలి పొలాలూ ఆ ఒప్పందంతోనే నిజాం లెక్కల్లో నుంచి కంపెనీ లెక్కల్లోకి మారాయి. ఆ తరువాత 40 ఏళ్ళు గడవకముందే, అదే నిజాంల ఖజానా నుంచి కంపెనీ ప్రతినిధికి ఈ భవనం లేచింది. తీరాంధ్ర ఒక సంధితోనూ, రాయలసీమ మరొక సంధితోనూ చేజారిన తరువాత, మిగిలిన రాజ్యం నడిబొడ్డున కట్టిన ఇల్లు ఇది. కనుక హైదరాబాదు వెళ్ళిన ఉద్దానంవాసికి అది పరాయి ఊరి వింత మాత్రమే కాదు.

ఈ ఇంటి స్థలం గురించి సర్ జాన్ మాల్కం అనే కంపెనీ అధికారి చెప్పిన కథ ఒకటి ప్రసిద్ధం. కిర్క్‌పాట్రిక్ తనకు కావలసిన స్థలాన్ని పెద్ద కాగితం మీద చక్కగా గీయించి నిజాంకు చూపిస్తే, నిజాం చూసి, ససేమిరా కుదరదన్నాడట. కారణం విచారిస్తే తేలినదేమిటంటే, నిజాం అప్పటివరకు తన రాజ్యపు పటాలను అంత పరిమాణంలోనే చూసి ఉన్నాడు. ఈ దొర తన రాజ్యమంత స్థలం అడుగుతున్నాడని అనుకున్నాడు. అదే పటాన్ని చిన్న కార్డు మీద గీసి మళ్ళీ చూపించేసరికి సంతోషంగా ఒప్పుకున్నాడట. ఈ కథను ఉన్నదున్నట్టు నమ్మవలసిన పనిలేదు, ఎందుకంటే స్వదేశీ ప్రభువుల అమాయకత్వం మీద ఇటువంటి కథలు కంపెనీ దొరల భోజనాల బల్లల దగ్గర బాగా చెల్లేవి. అయినా ఒక మాట అనక తప్పదు. పటం పెద్దదై కనిపించినప్పుడు నిజాం పడిన అనుమానం, తరువాతి చరిత్ర దృష్ట్యా చూస్తే, అంత తెలివితక్కువదేమీ కాదు.

భవన నిర్మాణం 1803 ప్రాంతంలో మొదలయింది. నమూనా గీసినవాడు మద్రాసు ఇంజినీర్ల దళానికి చెందిన లెఫ్టినెంట్ శామ్యూల్ రస్సెల్. ఆయన తండ్రి జాన్ రస్సెల్ లండన్‌లో పేరున్న చిత్రకారుడు. సరిగ్గా అదే రోజుల్లో కలకత్తాలో గవర్నర్ జనరల్ వెల్లెస్లీ కట్టించిన ప్రభుత్వ భవనానికి, ఇంగ్లాండులోని డెర్బీషైర్‌లో ఉన్న కెడిల్‌స్టన్ హాల్ అనే జమీందారీ ఇల్లు నమూనా అయింది. ఆ ఇల్లు కర్జన్ వంశానిది. దాదాపు శతాబ్దం తరువాత ఆ వంశంవాడే వైస్రాయిగా వచ్చి, తాత ముత్తాతల ఇంటిని పోలిన ఇంట్లోనే కలకత్తాలో కాపురమున్నాడు. రాజధానిలో గవర్నర్ జనరల్ అంతటి ఇల్లు కట్టుకుంటే, దర్బారులలోని రెసిడెంట్లు చూస్తూ ఊరుకోలేదు.

ఇప్పుడు మళ్ళీ మన ప్రశ్నకు వద్దాం. ఏ గుమ్మం గుండా ఎవరు వచ్చారు? భవనం ముఖం ఉత్తరం వైపు ఉన్నది. మూసీ నది, దానికి అవతల నిజాం కోటలూ చార్మినారూ ఉన్న పాతనగరం దక్షిణాన ఉన్నాయి. అంటే ఈ ఇల్లు నదికీ నగరానికీ వీపు పెట్టి కూర్చున్నది. ఉత్తర ముఖాన ఆరు ఎత్తైన స్తంభాలున్నాయి. వాటి శిరస్సుల మీద ఆకుల గుత్తులు చెక్కినట్టుండే అలంకారాన్ని కొరింథియన్ పద్ధతి అంటారు. స్తంభాల మీది త్రికోణపు నుదుటిన కంపెనీ రాజచిహ్నం ఉన్నది. ఇరవైకి పైగా ఉన్న వెడల్పాటి మెట్లు ఎక్కితే గాని గుమ్మం అందదు, ఆ మెట్లకు రెండు పక్కలా రెండు పెద్ద సింహాల విగ్రహాలు కూర్చుని ఉంటాయి. ఈ గుమ్మం గుండా వచ్చినవారు దర్బారు అతిథులు, అమీర్లు, కంపెనీ సైనికాధికారులు. సింహాలను దాటి, అన్ని మెట్లెక్కి, కంపెనీ చిహ్నం కింద నుంచి లోపలికి వచ్చేసరికి, వచ్చినవాడు ఎంతటివాడైనా ఇంటివాడి ముందు కొంత చిన్నవాడై ఉంటాడు. ఆ మెట్లు కట్టింది అందుకే.

లోపల రెండంతస్తుల ఎత్తున దర్బారు హాలు ఉన్నది. దాని పై భాగాన చుట్టూ వసారాలున్నాయి. హాలుకు ఆనుకొని కోడిగుడ్డు ఆకారపు గదులున్నాయి. గోడలు వంపు తిరిగి ఉండే ఇటువంటి గదులు జార్జియన్ కాలపు ఇంగ్లాండులో గొప్పగా చెలామణి అయ్యాయి. వెనుకవైపు, కింద ఒక్కటిగా మొదలై పైన రెండుగా చీలిపోయే మెట్లవరుస ఉన్నది, దానిని కాసేపు నిలబడి చూడాలి. అయితే శైలి ఇంగ్లీషుదైనా పనితనం ఇక్కడిదే. కొలతలు గీసినవాడు రస్సెల్. ఇటుక పేర్చినవారూ, సున్నం నూరి గచ్చు తీసినవారూ ఈ దేశపు మేస్త్రులు. వారి పేర్లు ఏ ఫలకం మీదా లేవు. వారు ఏ గుమ్మం గుండా వచ్చారో చెప్పనక్కరలేదు.

తరువాత తోట సంగతి. జార్జియన్ కాలంలో ఇంగ్లాండులో ఇంటికంటె తోటకే ఎక్కువ బుద్ధి ఖర్చుపెట్టారు అంటే అతిశయోక్తి కాదు. అంతకుముందు గీతలు గీసినట్టు నాటిన పూలమళ్ళను తీసివేసి, ఎగుడుదిగుడు పచ్చిక, వంపుల చెరువు, అక్కడక్కడ చెట్ల గుంపు ఉండేటట్టు, మనిషి చెయ్యి పడనట్టు కనిపించే తోటలను లాన్సెలాట్ బ్రౌన్ అనే ఆయన 18వ శతాబ్దం మధ్యలో ఊరూరా వేశాడు. ఇంటి కిటికీలో నుంచి చూస్తే పచ్చిక ఎక్కడా అడ్డులేకుండా దిగంతం దాకా పోయినట్టుండాలి, అయినా పశువులు మాత్రం ఇంటి దగ్గరకు రాకూడదు. అందుకోసం కంచె కట్టకుండా, దూరం నుంచి కనిపించని లోతైన కందకం తవ్వి, ఇంటివైపు దానికి గోడ కట్టేవారు. అక్కడ పశువులను మేపేవాడు ఆ కందకానికి అవతలే ఆగిపోవాలి, ఇంట్లోవారికి మాత్రం అతడు అందమైన దృశ్యంలో భాగంగా కనిపించాలి. గుమ్మం లేని చోట కూడా గుమ్మం ప్రశ్న పనిచేస్తుందని చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

కోఠిలో ఈ ఇంగ్లీషు పద్ధతి ఒక్కటే లేదు. కిర్క్‌పాట్రిక్‌కు తోటల మోజు చాలా ఎక్కువ. ఆయన ఉత్తరాల్లో రాజకీయాల నడుమ మామిడి మొక్కల ప్రసక్తి వస్తుంది. ఆయన ఆవరణలో ఇంగ్లీషు పద్ధతి పచ్చికా, మొగలాయి పద్ధతి తోటా ఒకదాని పక్కన ఒకటి ఉండేవి. మొగలాయి తోట అంటే నీటి కాలువలతో చతురస్రాలుగా విభజించి, నడుమ నీటిని చిమ్మే ఫౌంటెన్లు పెట్టి, చుట్టూ గోడ కట్టినది. ఒకటి బయటివారికి చూపించడానికి వేసినది, మరొకటి లోపలివారు అనుభవించడానికి వేసినది. ఇవాళ ఆ తోటలలో మిగిలినది స్వల్పం. కళాశాల భవనాలు, రోడ్లు, చుట్టుపక్కల కట్టడాలు పెరిగి, 1908 సెప్టెంబరు వరద తరువాత మూసీ ఒడ్డు స్వరూపమే మారిపోయి, ఇంటికీ నదికీ ఉన్న చూపుల సంబంధం తెగిపోయింది. తోట పోయిన ఇంటిని చూసి, అది ఒకప్పుడు ఎలా ఉండేదో ఊహించడం నగరవాసులకు కష్టం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను కొబ్బరినీ జీడినీ పడగొట్టిన తరువాత ఉద్దానంలో తమ ఇళ్ళను చూసుకున్నవారికి ఆ ఊహ కష్టం కాదు.

ఇంటి వెనుక, ఆ గోడల తోట ఉండిన చోట, అసలు కథ ఉన్నది. కిర్క్‌పాట్రిక్ నిజాం దర్బారులోని ఉన్నత కుటుంబానికి చెందిన ఖైరున్నిసా అనే యువతిని ముస్లిం మతాచారం ప్రకారం పెళ్ళాడాడు. ఆ పెళ్ళి కలకత్తా దాకా పోయి, వెల్లెస్లీ విచారణకు కూడా కారణమైంది. ఆమె పరదా పాటించే స్త్రీ. పరదా అంటే పరపురుషుల కంట పడకుండా ఉండే ఆచారం. ఆమె కోసం రెసిడెన్సీ వెనుకభాగాన రంగ్ మహల్ అనే జనానా, అంటే స్త్రీల నివాసం, మొగలాయి పద్ధతిలోనే కట్టారు. ఆ జనానాకు వేరే గుమ్మం, వేరే తోట. సింహాలున్న ఉత్తరపు మెట్లు ఆమెవి కావు.

ఆ తోటలో ఒక చిన్న కట్టడం ఉన్నది, సందర్శకులు దానిని చూడకుండా రాకూడదు. అది రెసిడెన్సీ భవనానికే నమూనా, పెద్ద బొమ్మరిల్లంత పరిమాణంలో, స్తంభాలతో సహా కట్టినది. పరదా వల్ల భవనం ముందువైపుకు వెళ్ళలేని భార్య తన ఇల్లు ఎలా ఉందో చూసుకోవడానికి కిర్క్‌పాట్రిక్ దానిని కట్టించాడని ప్రతీతి. అది నిర్మాణానికి ముందు ఇంజినీరు చేసుకున్న నమూనా కావచ్చునని మరికొందరి అభిప్రాయం. ఏది నిజమైనా, ప్రతీతి పుట్టడానికి కారణమైన పరిస్థితి మాత్రం నిజం. ఒకే ఇంటికి చెందిన భార్యాభర్తలకు ఆ ఇంటి ముఖం మీద సమానమైన హక్కు లేదు.

ఆ సంసారం ఎక్కువ కాలం నిలవలేదు. 1805లో వారి కొడుకునూ కూతురునూ చదువుల కోసం ఇంగ్లాండు పంపించారు. ఓడ ఎక్కకముందు మద్రాసులో జార్జ్ చిన్నరీ అనే చిత్రకారుడు వారిద్దరి బొమ్మ వేశాడు. అదే ఏడు అక్టోబరు 15న కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో మరణించాడు. భవనం పూర్తి అయ్యేసరికి కట్టించినవాడు లేడు. ఖైరున్నిసా పిల్లలను మళ్ళీ చూడకుండానే 1813లో కన్నుమూసింది. 1860 ప్రాంతంలో, ఇంగ్లీషువారు తమ పూర్వికుల ఇటువంటి పెళ్ళిళ్ళను సిగ్గుచేటుగా భావించిన కాలంలో, రంగ్ మహల్‌ను కూలగొట్టారు. ఇప్పుడు దాని ద్వారం మాత్రం మిగిలింది. ఇల్లు లేకుండా గుమ్మం ఒక్కటే నిలిచి ఉన్న చోటు అది. విలియం డాల్రింపుల్ 2002లో ప్రచురించిన వైట్ మొగల్స్ అనే గ్రంథం ఈ కథను ప్రపంచమంతటికీ తెలియజేసింది.

పిలవకుండా వచ్చినవారు కూడా ఉన్నారు. 1857 జులై 17 సాయంత్రం తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో కొన్ని వందలమంది రెసిడెన్సీ మీదికి వచ్చి, పుత్లీబౌలీ వైపున్న ఇళ్ళను ఆక్రమించి, రాత్రంతా కాల్పులు జరిపారు. తెల్లవారేసరికి కంపెనీ ఫిరంగుల ధాటికి వెనుదిరగవలసి వచ్చింది. తుర్రేబాజ్ ఖాన్ పట్టుబడి, తప్పించుకొని, 1859లో తూప్రాన్ ప్రాంతంలో కాల్పులకు బలయ్యాడు. మౌల్వీ అల్లావుద్దీన్‌ను అండమాన్ పంపించారు. కవిటి, సోంపేట పల్లెల నుంచి కూలి పనులకు అండమాన్ వెళ్ళేవారికి పోర్ట్ బ్లెయిర్ పేరు కొత్త కాదు. ఆ దారిన అంతకుముందే సంకెళ్ళతో వెళ్ళినవారిలో ఆయన ఒకడు. ఆ దాడి తరువాత రెసిడెన్సీ ప్రహరీని బురుజులతో బలపరిచారు. అప్పటివరకు ఇల్లుగా ఉన్నది అప్పటి నుంచి కోటలా మారింది. నేడు ఆ ప్రహరీ వెంట ఉన్న రోడ్డు పేరు తుర్రేబాజ్ ఖాన్ రోడ్డు.

తెలుగువారు ఆ ప్రహరీకి బయటనే ఉండి దాని నీడను వాడుకున్న సందర్భం కూడా ఉన్నది. రెసిడెన్సీ చుట్టూ ఏర్పడిన బజార్లు నిజాం పాలనలో కాక రెసిడెంటు అధికారం కింద ఉండేవి. 1933లో తిరిగి నిజాం చేతికి వచ్చాక వాటికి సుల్తాన్ బజారు అన్న పేరు వచ్చింది. నిజాం రాజ్యంలో సభ పెట్టాలన్నా, సంఘం పెట్టాలన్నా ఎన్నో ఆటంకాలున్న రోజుల్లో, ఈ బజార్లలో కొంత ఊపిరి ఆడేది. 1901 సెప్టెంబరు 1న కొమర్రాజు వెంకట లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు మొదలైనవారు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయాన్ని ఇక్కడే, రంగారావు ఇంట్లోనే స్థాపించారు. తెలంగాణలో తెలుగు గ్రంథాలయోద్యమానికి అది నాంది. ఒక పరాయి ప్రభుత్వపు గోడ పక్కన దొరికిన సందులో నుంచి తెలుగు అక్షరం లోపలికి వచ్చిందని చెప్పడంలో వైరుధ్యం ఉన్నది. చరిత్రలో అటువంటివి తరచుగా జరుగుతూనే ఉంటాయి.

ఇంటికి సొమ్ము కూడా ఏదో ఒక గుమ్మం గుండానే వస్తుంది. అందువల్ల ఇంగ్లాండులోని పల్లె భవనాల వైపు ఒకసారి చూడాలి. 1778లో మద్రాసు గవర్నరుగా వచ్చిన సర్ థామస్ రంబోల్డ్, ఉత్తర సర్కారుల జమీందారులను పన్నుల నిర్ణయం కోసం మద్రాసు రమ్మని తాఖీదులు పంపాడు. అంత దూరం ప్రయాణం, అక్కడ నెలల తరబడి మకాం, ఆ ఖర్చు అంతా జమీందారుల మీద, వారి నుంచి రైతుల మీద పడింది. ఈ వ్యవహారంలో ఆయన భారీగా ముడుపులు పుచ్చుకున్నాడన్న ఆరోపణ మీద ఇంగ్లాండు పార్లమెంటులో విచారణ నడిచి, చివరకు ఏమీ తేలకుండానే ఆగిపోయింది. అదే రోజుల్లో ఆయనకు హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో వుడ్‌హాల్ పార్క్ అనే చక్కని జార్జియన్ భవనం లేచింది. ఇప్పుడు అందులో ఒక పాఠశాల నడుస్తున్నది. ఆ ఇంటి ఇటుకల్లో ఈ తీరపు శిస్తు ఎంత ఉన్నదో ఎవరూ రూపాయల్లో తేల్చలేదు. తేలని విచారణ తేలినట్టు మాట్లాడడమూ తగదు. కాని ఆ ఇంటి వీధి గుమ్మం ముందు నిలబడినవారు శ్రీకాకుళాన్ని తలచుకోవడం అసంగతం కాదు.

కిర్క్‌పాట్రిక్ కింద పనిచేసి, తరువాత 1811 నుంచి 1820 వరకు తానే హైదరాబాదు రెసిడెంటుగా ఉన్న హెన్రీ రస్సెల్ కథ ఇంకా దగ్గరది. ఆయన ఉద్యోగం విడిచిన ఏడే, ఆయన కుటుంబం ఇంగ్లాండులోని బెర్క్‌షైర్‌లో స్వాలోఫీల్డ్ పార్క్ అనే పల్లె భవనాన్ని కొన్నది. మద్రాసులో చిన్నరీ వేసిన పిల్లల బొమ్మ ఆ ఇంటి గోడకు చేరింది. పెద్దదైన కిర్క్‌పాట్రిక్ కూతురు కిట్టీ, ఒకసారి ఆ ఇంటికి అతిథిగా వెళ్ళి, గోడ మీద తననూ అన్ననూ చూసుకొని కన్నీరు పెట్టుకున్నదని డాల్రింపుల్ రాశాడు. తరువాత 1841 నుంచి ఆమెకూ హైదరాబాదులో అప్పటికి బతికే ఉన్న అమ్మమ్మకూ మధ్య ఉత్తరాలు నడిచాయి. ఇంగ్లాండులో ఇటువంటి ఇళ్ళను ప్రజల సందర్శనకు నిర్వహించే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ, తన అధీనంలోని 93 స్థలాలకు వలసపాలనతోనో, బానిస వ్యాపారంతోనో సంబంధం ఉన్నదని 2020లో ఒక నివేదికలో ప్రకటించింది. అక్కడ చాలామందికి అది రుచించలేదు. తోటలో నడుస్తూ టీ తాగడానికి వచ్చినవారికి లెక్కల పుస్తకం ఎందుకని వారి వాదన. ఆ వాదన అర్థం చేసుకోదగినదే గాని, ఒప్పుకోదగినది కాదు.

స్వాతంత్ర్యం తరువాత కోఠి భవనం గుమ్మాలు మరో విధంగా తెరుచుకున్నాయి. 1924లో ప్రారంభమైన ఉస్మానియా మహిళా కళాశాల 1949లో ఈ ఆవరణకు మారింది. ఖైరున్నిసా నిలబడలేకపోయిన ఉత్తరపు మెట్ల మీద, సింహాల పక్కన, పుస్తకాలు పట్టుకున్న ఆడపిల్లలు తరాల తరబడి కూర్చున్నారు. కాని వాడకం ఎక్కువై, మరమ్మతులు తక్కువై, కప్పు కారి, గచ్చు ఊడి, భవనం క్షీణించింది. న్యూయార్క్ కేంద్రంగా పనిచేసే వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ 2002లో దీనిని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. ఆ తరువాత దశలవారీగా సాగిన పునరుద్ధరణలో ప్రధాన భవనమూ, తోటలోని చిన్న నమూనా కూడా బాగుపడ్డాయి. కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయమైంది. 2024 నుంచి దానికి చాకలి ఐలమ్మ పేరు ఉన్నది.

ఇక వెళ్ళే విధానం. పలాసలో ఆగే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ నేరుగా సికింద్రాబాదు చేరుస్తుంది. ఆ బండి పేరు కూడా హైదరాబాదులో పల్లాడియో శైలి ఛాయలున్న మరో భవనానిదే, అది ఇప్పుడు పెద్ద హోటలు. సికింద్రాబాదు నుంచి కోఠికి సిటీ బస్సులు విరివిగా ఉంటాయి, మెట్రోలో వచ్చేవారు సుల్తాన్ బజారులో దిగవచ్చు. లోపల విశ్వవిద్యాలయం నడుస్తున్నది కాబట్టి, సందర్శన వేళలు, అనుమతి సంగతి ముందుగా విచారించుకొని వెళ్ళడం మేలు. పరీక్షల రోజుల్లో వెళ్ళకపోవడం మర్యాద.

ఆవరణలోకి వెళ్ళగానే లోపలి గదుల వైపు తొందరపడవద్దు. ముందుగా ఉత్తరం వైపుకు నడిచి, మెట్లకు దూరంగా నిలబడి, ఇల్లు తన అతిథులకు ఎలా కనిపించాలని కోరుకున్నదో ఆ దృశ్యాన్ని చూడాలి. తరువాత మెట్లెక్కి దర్బారు హాలు, గుడ్డు ఆకారపు గదులు, చీలిన మెట్లు చూసి, వెనుకవైపు దిగి, రంగ్ మహల్ ద్వారం దగ్గరకూ, చిన్న నమూనా దగ్గరకూ వెళ్ళాలి. ఆ నమూనా ముందు వంగి, ఉత్తరపు ముఖాన్ని మరోసారి, ఈసారి జనానా వైపు నుంచి, చూడాలి. ఆవరణలోనే ఒక పాత శ్మశానం కూడా ఉన్నది. ఇంటికి తిరిగివెళ్ళలేకపోయిన ఇంగ్లీషువారి సమాధులు అందులో ఉన్నాయి. కాస్త తీరిక ఉన్నవారు రాళ్ళ మీది వయసులు చదివితే, ఆ కొలువులకు ఎంత చిన్నతనంలో వచ్చి, ఎంత త్వరగా పోయారో తెలుస్తుంది. ప్రతిచోటా అదే ప్రశ్న: ఈ గుమ్మం గుండా ఎవరు వచ్చారు, ఎవరు రాలేకపోయారు? పిల్లలను వెంట తీసుకువెళ్ళేవారు ఈ ప్రశ్నను వారి చేత అడిగించడం మంచిది, పెద్దలు గమనించని తలుపులు వారికి త్వరగా కనిపిస్తాయి. బయటికి వచ్చాక ఇంకా వేళ ఉంటే, సుల్తాన్ బజారులో భాషా నిలయం నడక దూరంలోనే ఉన్నది.